ప్రశ్న తోక చదివినారా?

"రెండు పేజీలు రాసినా సార్, మూడే వేసినారు." ప్రీ ఫైనల్ పేపర్లు పంచిన రోజు అనంతపురంలో నాకు ఏటా ఎదురయ్యే మాటే ఇది. ఈసారి అన్నవాడికి పాఠం బాగానే వచ్చు. దెబ్బ తిన్నది ప్రశ్న దగ్గర.

సమస్య: జవాబు నిండుగా ఉంది, మార్కులు లేవు

8 మార్కుల ప్రశ్న ఇది: "అనంతపురం ప్రాంతంలో వర్షపాతం తక్కువగా ఉండటానికి కారణాలు వివరించండి." వాడు రాసింది: వేరుశనగ ఎండిపోవడం, బోర్లు వట్టిపోవడం, జనం బెంగళూరుకు పనులకు పోవడం. అన్నీ కళ్లారా చూసినవే, అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అవి వాన పడకపోతే వచ్చే ఫలితాలు. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డం నిలిస్తే మన నేల వర్షచ్ఛాయలో పడింది. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనాల వానా ఇక్కడికొచ్చేసరికి పలచబడుతుంది. ఇందులో వాడు రాసింది చివరి రెండు లైన్లలో కనుమల ముచ్చట ఒక్కటే. ఆ మూడు మార్కులూ దానికే.

కారణం: తెలుగు వాక్యంలో విషయం ముందు వస్తుంది, చెయ్యాల్సిన పని చివర వస్తుంది. 'అనంతపురం, వర్షపాతం' కంటపడగానే పెన్ను పరుగందుకుంటుంది. 'కారణాలు' దాకా ఎవరు చదువుతారప్పా!

పరిష్కారం: ముందు తోక చదివి, తర్వాత తల చదవండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు చివరి రెండు మాటల కింద గీత గీయండి. పబ్లిక్ పరీక్షలో ప్రశ్నపత్రం చదువుకోవడానికే 15 నిమిషాలు ఇస్తారు, అక్కడ వేలు పెట్టి చదివితే చాలు.

సమస్య: 'భేదాలు తెలపండి' అంటే రెండు వ్యాసాలు

పెన్న గురించి ఒక పేజీ, తుంగభద్ర గురించి ఒక పేజీ. తేడాలు వెతుక్కునే పని దిద్దేవాళ్లదా? మధ్యలో గీత కొట్టి, ఒకే అంశాన్ని ఎదురెదురుగా పెట్టండి: పెన్న నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది, తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. 'పోల్చండి' అంటే మాత్రం పోలికలూ రాయాలి: రెండూ కర్ణాటకలో పుట్టినవే.

సమస్య: లెక్కల్లో 'నిరూపించండి'

√2 కరణీయ సంఖ్య (పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనిది) అని నిరూపించమంటే 1.414 రాసి, "అంకెలు ఆగవు కాబట్టి" అంటారు. ఆగవని తేల్చిందెవరు? అకరణీయం, అంటే అట్లా రాయగలిగేదే అనుకుని మొదలుపెట్టి, ఆ ఊహ ఎక్కడ బెడిసికొడుతుందో చూపాలి. విలువలు వేసి చూడటం 'సరిచూడండి' అన్నప్పుడే.