చైను సాగదు, అరుగుతుంది: రోడ్ బైక్ చైను చూసుకోవడం, మార్చుకోవడం

"చైను సాగిపోయింది" అంటాం గానీ, ఉక్కు పట్టీలు సాగవు. అరిగేవి పిన్నులూ, వాటి మీద తిరిగే లోపలి పట్టీల అంచులూ. ఒక్కో కీలు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ వచ్చినా, నూటికి పైగా కీళ్ళున్న చైనులో అదంతా కలిసి పొడవు పెరుగుతుంది. అలా పెరిగిన చైను క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ళచక్రాల గుత్తి) పళ్ళ మధ్య సరిగ్గా కూర్చోక, వాటిని కూడా తినేస్తుంది. చైను కంటే క్యాసెట్ ఖరీదు కాబట్టి చైనును ముందే మార్చడం లాభం.

ఎప్పుడు మార్చాలో కిలోమీటర్లు చెప్పవు. దుమ్ము రోడ్లు, వాన, తొక్కే తీరు, అన్నిటినీ బట్టి అది మారుతుంది. ఉక్కు స్కేలు చాలు. పెడల్‌ను కొద్దిగా నొక్కి చైనును బిగుతుగా ఉంచి, సున్నా గీతను ఒక పిన్ను నడిమధ్యన పెట్టండి. అక్కడినుంచి 24వ పిన్ను కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాల దగ్గర, అంటే 304.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 11, 12 స్పీడ్ (అంటే వెనక అన్ని పళ్ళచక్రాలున్న) చైనులో అది 306.3 దాటితే (0.5 శాతం) మార్చేయాలి. 8 నుంచి 10 స్పీడ్ వాటికి 307 వరకు ఆగొచ్చు. 308 దగ్గరికి వచ్చిందంటే క్యాసెట్ కూడా చాలావరకు పోయినట్టే. అరుగుదలను కొలిచే చైన్ చెకర్ ఉంటే పని ఇంకా తేలిక.

అరుగుదలకు అసలు కారణం నూనెలో కలిసిన ఇసుక. అది రాపిడి ముద్దలా పనిచేస్తుంది. చైను నల్లబడితే డీజిల్‌లోనో, జిడ్డు వదిలించే డీగ్రీజర్‌లోనో కడిగి, పూర్తిగా ఆరాకే నూనె వేయాలి. పెట్రోలు వద్దు, మంటల ప్రమాదం. కొబ్బరి నూనె కూడా వద్దు, చలికి గడ్డకడుతుంది. చైను లూబ్ ఒక్కో రోలర్‌కు (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) ఒక్క చుక్క చాలు. పెడల్‌ను నిమిషంపాటు వెనక్కి తిప్పి, కాసేపు ఆగి, పైనున్న నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేయండి. పని చేసేది లోపలి నూనే, బయట మెరిసేది దుమ్ము పట్టడానికే. డిస్క్ బ్రేకులుంటే రోటర్ (బ్రేకు పట్టుకునే లోహపు పళ్ళెం) మీద చుక్క కూడా పడకూడదు. వానలో తడిసినా, విశాఖ బీచ్ రోడ్డు లాంటి ఉప్పుగాలిలో తిరిగినా, ఆ రోజే తుడిచి నూనె వేయాలి.

మార్చేముందు మీ గేర్ల సంఖ్యకు సరిపడే చైను కొనండి. గేర్లు పెరిగేకొద్దీ చైను సన్నబడుతుంది కాబట్టి 8 స్పీడ్ చైను 11 స్పీడ్ క్యాసెట్‌లో పట్టదు. పాతది తీయకముందు అది ఎలా తిరిగి వెళ్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ముందూ వెనకా చిన్న పళ్ళచక్రాలకు గేరు మార్చి, చైను రెండు కొసలనూ కలిపే క్విక్ లింకు విప్పండి, లేదా చైన్ కట్టర్‌తో పిన్ను నెట్టండి.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చివర్లు చూసి కోయడం తప్పు. పాతది ఒక శాతం అరిగి ఉంటే దాదాపు ఒక లింకు తేడా వస్తుంది. లింకులను లెక్కపెట్టి కోయండి. క్విక్ లింకుతో కలిపేటట్టయితే రెండు కొసలూ లోపలి (ఇరుకైన) లింకులే ఉండాలి.

క్యాసెట్ నుంచి దిగిన చైను, గేర్లు మార్చే వెనక డిరైల్లర్ పైచక్రానికి ముందువైపునా, కిందిచక్రానికి వెనకవైపునా పోవాలి. ఆ రెండు చక్రాలను పట్టి ఉంచే పంజరంలోని చిన్న నాలుకకు లోపలిగుండానే దాటించండి. బయటినుంచి వేస్తే గరగరమంటూ లోహాన్ని గీస్తుంది, సర్వసాధారణంగా జరిగే పొరపాటు ఇదే. అక్షరాలున్న వైపు బయటికి చూడాలి. క్విక్ లింకు మీద బాణం ఉంటే చైను కదిలే దిక్కుకు ఉంచండి. రెండు సగాలూ కలిపి, లింకును పైవైపుకు తెచ్చి, వెనక బ్రేకు పట్టుకుని పెడల్ గట్టిగా నొక్కితే "టక్" మని బిగుస్తుంది. 11, 12 స్పీడ్‌లో ఒక్కసారి వాడి పారేసే లింకులు ఎక్కువ, ప్యాకెట్ మీద చూసుకోండి.

కొత్త చైనుకు ఫ్యాక్టరీ గ్రీజు ఉంటుంది, దాన్ని కడగక్కర్లేదు.

పెడల్ వెనక్కి తిప్పినప్పుడు ఒక్కచోటే చైను ఎగిరితే అక్కడ లింకు బిగుసుకుంది. ఆ పిన్నును రెండు చేతులతో పక్కలకు వంచితే వదులవుతుంది. గట్టిగా తొక్కేటప్పుడు మాత్రమే, ఎక్కువగా వాడే పళ్ళచక్రం మీద జారుతుంటే గేరు సర్దినా ఫలితముండదు, క్యాసెట్ అరిగిపోయింది, దాన్నీ మార్చాల్సిందే.