'జస్ట్ మిస్' ఎందుకైంది? బండి నడిపేవాళ్లకు సమస్య - పరిష్కారం

వెంట్రుకవాసిలో బయటపడ్డాక అందరం చేసేది ఒకటే: ఎదుటివాణ్ని నాలుగు తిట్టి, గేరేసుకుని వెళ్లిపోవడం. తప్పు వాడిదే కావచ్చు. కానీ ఒకే రకం గండం మళ్లీ మళ్లీ మీకే ఎదురవుతుంటే మీ నడపడంలో ఏదో సరిచేసుకోవాల్సింది ఉన్నట్టే. ఇంటికెళ్లాక రెండు ప్రశ్నలు వేసుకోండి. అంతకు మూడు సెకన్ల ముందు నాకేం కనిపించింది? అప్పుడు నా స్పీడెంత?

సమస్య: యూటర్న్ దగ్గర కారు ఉన్నట్టుండి అడ్డొచ్చింది

కారణం: "నన్ను చూసి కూడా తిప్పాడు" అనుకుంటాం. చాలాసార్లు నిజంగానే చూసి ఉండడు. ఎదురుగా వచ్చే బైకు సన్నగా ఉంటుంది, ఎంత వేగంగా దగ్గరవుతోందో అంచనాకు అందదు. పైగా కారు ముందు అద్దం పక్కనుండే లావుపాటి పట్టీ వెనక బైకు మొత్తం మరుగున పడిపోగలదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు హెడ్‌లైటు పగలు కూడా వెలుగుతూ ఉండేలా పెట్టింది బైకు కంటబడాలనే.

పరిష్కారం: డ్రైవర్ ముఖం కాదు, కారు ముందు చక్రం చూడండి. కారు కదిలినట్టు తెలియకముందే రిమ్ము తిరగడం కనిపిస్తుంది. డివైడర్‌లో గ్యాప్ రాగానే యాక్సిలరేటర్ వదిలి, రెండు వేళ్లు ముందు బ్రేకు మీద పెట్టండి. డివైడర్‌లో గుబురు మొక్కలుంటే ఇంకా ముందే. చూడ్డానికి పచ్చగా బాగుంటుంది గానీ వాటి వెనకున్న కారు కనపడి చావదు.

ఇక స్పీడు లెక్క. 60లో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, 40లో 11. ఉలిక్కిపడి బ్రేకు పట్టుకునేలోపే ఆ సెకను అయిపోతుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం 60లో అయితే 40లో కంటే రెట్టింపు పైనే. హారన్‌ని నేను పరిష్కారాల్లో లెక్కేయను.

సమస్య: సడన్ బ్రేకు వేస్తే వెనక చక్రం జారింది

కారణం: వెనక బ్రేకు ఒక్కటే తొక్కారు. బ్రేకు పడగానే బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రం తేలికైపోయి లాక్ అవుతుంది. "ముందు బ్రేకు పట్టావంటే పల్టీ కొడతావ్" అన్న పాత సలహా చేసే చెరుపు ఇది.

పరిష్కారం: రెండూ కలిపి వేయండి. ముందుది గబుక్కున నొక్కకుండా, తడిగుడ్డ పిండినట్టు బిగిస్తూ పోవాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకు ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పడ్డా చక్రం లాక్ కాకుండా చూసేది), ఆ లోపు వాటికి కనీసం సీబీఎస్ (ఒక బ్రేకు వేస్తే రెండోదీ కొంత పడేలా చేసేది) తప్పనిసరి చేశారు. సీబీఎస్ ఉంది కదా అని ముందు లీవర్ని మరిచిపోకండి. ఖాళీ గ్రౌండులో 30 స్పీడులో అలవాటు చేసుకోండి. అప్పటికీ జారుతోందంటే టైరు చూడండి: గాడిలో టీడబ్ల్యూఐ గుర్తు (టైరు ఎంత అరిగిందో చూపేది) దగ్గరుండే గుబ్బ దాకా అరిగితే మార్చాల్సిందే.

సమస్య: చీకట్లో వడ్ల కుప్ప మీదికి వెళ్లబోయాను

కారణం: కోతల కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి పట్టా కప్పి, అంచున రాళ్లు పెడతారు. ఎదురు బండి హైబీమ్ కళ్లలో పడితే ఆ రాళ్లు కనపడవు. రైతుకు ఆరబోసుకునే జాగా ఎక్కడుందన్నది వేరే చర్చ.

పరిష్కారం: మీ లైటు పడినంత దూరంలో ఆగగలిగే స్పీడులోనే పోండి. హైబీమ్ కొడితే రోడ్డు ఎడమ అంచు చూస్తూ నెమ్మదించండి. పరిచిన వడ్ల మీద పోక తప్పకపోతే బండి వంచకుండా, బ్రేకు ముట్టుకోకుండా నిదానంగా దాటించండి.

సమస్య: ఆగుతున్న బస్సుకు ఎడమ పక్క ఇరుక్కుపోయాను

కారణం: ఆ సందులో దూరడమే. పరిష్కారం: దూరకండి. దిగేవాళ్లు అటే దిగుతారు. బస్సు అద్దంలో డ్రైవర్ మీకు కనపడకపోతే మీరూ ఆయనకు కనపడరు.

పైవేవీ కాకపోతే

టైము చూడండి. గండాలన్నీ లేటుగా బయల్దేరిన పొద్దుటిపూటో, నైట్ షిఫ్టు దిగి వచ్చేటప్పుడో జరుగుతుంటే రోడ్డుని తిట్టి లాభం లేదు. పావుగంట ముందు బయల్దేరండి, ఫోను బ్యాగులో పడేయండి. నిద్ర ముంచుకొస్తుంటే ఆ పూటకి బస్సెక్కండి.