ఐడిల్‌లో ఆర్‌పీఎం 8195 చూపించింది, ఇలా సరిచేశాను

బండి ఐడిల్‌లో ఉంది, నా కంప్యూటర్ స్క్రీన్ మీద మాత్రం ఆర్‌పీఎం 8195! కాన్ (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్క్) అడాప్టర్‌ని లినక్స్‌లో 500 కేబీపీఎస్‌కి సెట్ చేసి, లిజన్ ఓన్లీ మోడ్‌లోనే తెరిచాను. బండి నెట్‌వర్క్‌లోకి మన వైపు నుంచి ఒక్క బిట్ కూడా వెళ్లకూడదన్నది నా పట్టుదల. ఫ్రేములు (డేటా ప్యాకెట్లు) ధారగా వస్తున్నాయి కాబట్టి వైరింగ్, స్పీడ్ బాగానే ఉన్నట్టు. తప్పు డీకోడింగ్‌లోనే, అంటే వచ్చిన బైట్లను అంకెగా మార్చడంలోనే.

ఆర్‌పీఎం సిగ్నల్ ముడి బైట్లు చూశాను: 12, 128. వెనక నుంచి చదివితే (128×256 + 12) 32780, దాన్ని ఈ సిగ్నల్ స్కేల్ అయిన 0.25తో గుణిస్తే ఆ 8195 వస్తుంది. ముందు నుంచి చదివితే (12×256 + 128) 3200, అంటే 800 ఆర్‌పీఎం. మీటర్ ముల్లు కూడా సరిగ్గా అక్కడే ఉంది.

డీబీసీ ఫైల్లో (ఏ బిట్లు ఏ సిగ్నలో, ఎలా చదవాలో చెప్పే ఫైల్) ఆ సిగ్నల్‌కి @1 తీసేసి @0 పెట్టాను, అంటే ఇంటెల్ వరుస (చిన్న విలువ బైటు ముందు) నుంచి మోటరోలాకి (పెద్ద విలువ బైటు ముందు). అయినా అంకె కుదరలేదు. నా టైమంతా ఇక్కడే పోయింది. మోటరోలాలో స్టార్ట్ బిట్ అంటే సిగ్నల్‌లో అతి పెద్ద విలువ ఉన్న బిట్. మొదటి బైటులో బిట్ల నంబర్లు 0 నుంచి 7, అందులో 7 పెద్దది. అందుకే స్టార్ట్ బిట్ 0ని 7 చేయాలి. అది మార్చి యాక్సిలరేటర్ తొక్కగానే అంకె ముల్లుతో పాటే లేచింది.