ముందు పడటం, తర్వాతే సముద్రం: బెజవాడ నుంచి కయాకింగ్ ఎలా మొదలుపెట్టాలి?

బెజవాడ, గుంటూరు వాళ్లకి సముద్రం అంటే ఆదివారం కారులో వెళ్లి కాళ్లు తడుపుకుని వచ్చే చోటు. గుంటూరు నుంచి బాపట్ల సుమారు 50 కిలోమీటర్లు, అక్కడికి దగ్గర్లోనే సూర్యలంక. బెజవాడ నుంచి మచిలీపట్నం దాదాపు 70, ఆ పక్కనే మంగినపూడి బీచ్. ఇంత దగ్గరున్న సముద్రం మీద మన తెడ్డు మనమే వేసుకుంటూ తిరగొచ్చన్న ఆలోచన ఇప్పుడిప్పుడే కొందరికి వస్తోంది. వీడియోలు చూసి, ఆన్‌లైన్‌లో ఒక కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) తెప్పించుకుని, నేరుగా సూర్యలంకలో దింపుదామా అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. ముందు కృష్ణలో పడండి. పదిసార్లు, ఇరవైసార్లు పడండి. లోతు నీళ్లలోంచి మళ్లీ పడవ ఎక్కడం వచ్చాక సముద్రం సంగతి మాట్లాడుకుందాం.

ఏ పడవ, ఏ జాకెట్?

కయాకులు ప్రధానంగా రెండు రకాలు. పైన కూర్చునేది ఒకటి, లోపలికి కాళ్లు చాపి కూర్చునేది ఇంకోటి. మన ఎండలకి, కొత్తవాళ్లకి పైన కూర్చునేదే మంచిది. తిరగబడినా నీళ్లు నిండవు, పైకి ఎక్కడం తేలిక. లోపల కూర్చునే సముద్రపు కయాక్ సన్నగా, 14 నుంచి 18 అడుగుల పొడవు ఉంటుంది. ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు సీల్ చర్మంతో కట్టుకున్న పడవకి ఇది వారసురాలు. గాలిలో నిలకడగా, వేగంగా పోతుంది. అయితే దాంట్లో ముందూ వెనకా నీళ్లు చొరబడని అడ్డుగోడలు ఉండాలి. అవి లేని పడవ బోల్తా పడితే నీటితో నిండిన తొట్టే. చెరువుల కోసం చేసిన పొట్టి కయాకులు, గాలి నింపే చౌక పడవలు సముద్రానికి పనికిరావు.

లైఫ్ జాకెట్ విషయంలో బేరం వద్దు. వేసుకుని బిగించాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా లేస్తే అది మీ సైజు కాదు. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. అది సముద్రం కాదు, మన కృష్ణే. ఒడ్డు కళ్ల ముందే ఉంది. ఆ రోజు గుర్తున్నవాళ్లెవరూ జాకెట్‌ని పడవలో పక్కన పెట్టుకుని కూర్చోరు. మొదటి అడుగు నీటిలో పెట్టే ముందే బిగించుకోండి, ఒడ్డెక్కాకే విప్పండి.

జాకెట్‌కి ఒక విజిల్ కట్టుకోండి. ఫోన్ నీళ్లు చొరబడని సంచిలో, మెడలో ఉండాలి. పడవలో పెడితే, పడవ చేజారినప్పుడు ఫోన్ కూడా పోతుంది. పొడుగు చేతుల నైలాన్ చొక్కా, తాడున్న టోపీ, మనిషికి గంటకి కనీసం అర లీటరు నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. జీన్స్ వద్దు.

బ్యారేజీ ఎగువన మొదటి రెండు నెలలు

ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ చాలా నెలలు చెరువులా నిండుగా ఉంటుంది. భవానీ ద్వీపం చుట్టుపక్కల నీరు నేర్చుకోవడానికి ఇంతకన్నా బాగుండదు. బోటింగ్‌కి అనుమతి ఉన్న ఘాట్ నుంచే, నేర్పేవాళ్లతోనే దిగండి. ఎగువ నుంచి వరద వచ్చే రోజుల్లో మాత్రం నదివైపు చూడొద్దు. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. మీరు అంతదాకా ఆగకూడదు, గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, ఆ రోజు మానేయండి. 2024 సెప్టెంబర్‌లో 11 లక్షల క్యూసెక్కులకి మించి వరద వచ్చినప్పుడు పెద్ద పెద్ద పడవలే కొట్టుకొచ్చి గేట్లని గుద్దుకున్నాయి. మామూలు రోజుల్లో కూడా బ్యారేజీకి బాగా దూరంగా ఉండాలి. దాని రెండు కొసల దగ్గరా కాలవల్లోకి నీరు లాగుతుంటుంది, పైకి ఏమీ కనిపించదు.

తెడ్డు పట్టుకోవడం ముందు నేర్చుకోండి. తెడ్డు రేకుల్లో గుంటగా ఉన్న వైపు మీ వైపుకి తిరిగి ఉండాలి. చాలామంది మొదటి రోజంతా తలకిందులుగా పట్టుకుని, తర్వాత భుజాలు నొప్పులంటారు. రేకు మీద అక్షరాలుంటే అవి నిటారుగా కనబడేలా పట్టుకుంటే సాధారణంగా సరిపోతుంది. తెడ్డు వేసే బలం చేతుల్లోంచి రాకూడదు, నడుము తిప్పడంలోంచి రావాలి. తిరగలి తిప్పేటప్పుడు మన పెద్దవాళ్ల ఒళ్లంతా ఎలా కదిలేదో గుర్తు తెచ్చుకోండి. రేకుని కాలివేళ్ల దగ్గర నీటిలో ముంచి, తుంటి దగ్గరికి రాగానే పైకి తీయాలి. అంతకన్నా వెనక్కి లాగితే పడవ పక్కకి తిరుగుతుందే తప్ప ముందుకి పోదు.

తిప్పడానికి తెడ్డుని పడవ ముక్కు దగ్గర నుంచి వెనక కొస దాకా అర్ధచంద్రాకారంలో వెడల్పుగా లాగాలి. ఆపడానికి వెనక్కి వేయాలి. ఈ రెండూ వారంలో వస్తాయి. పక్కకి ఒరిగిపోతున్నప్పుడు తెడ్డు వీపుని నీటి మీద అరచేయిలా చరిచి, దాని ఆసరాతో నడుముతో పడవని సర్దుకోవడం మాత్రం టైమ్ పడుతుంది. సముద్రంలో ప్రాణం కాపాడే దెబ్బ అదే కాబట్టి రెండువైపులా, రోజూ, విసుగు లేకుండా చేయండి.

పడటం, ఎక్కడం

అసలు పాఠం ఇది. మిగతాదంతా తొందరగా చెప్పినా ఇక్కడ నెమ్మదిగా చెబుతాను.

పైన కూర్చునే కయాక్ అయితే: పడ్డాక మొదట తెడ్డునీ పడవనీ వదలకండి. గాలికి ఖాళీ పడవ మీ ఈత కన్నా వేగంగా పోతుంది. పడవ బోర్లా ఉంటే అడ్డంగా పొట్టమీదికి చేయి చాపి అవతలి అంచు పట్టి లాగి వెల్లకిలా తిప్పండి. తర్వాత కూర్చునే చోటికి ఎదురుగా వచ్చి, కాళ్లు గట్టిగా ఆడించి, ఒళ్లు నీటి మీద పడకేసినట్టు తేలేదాకా ఆగండి. అందరూ చేసే పొరపాటు, కాళ్లు కిందికి వేలాడుతుండగానే చేతుల బలంతో గోడ ఎక్కినట్టు ఎక్కబోవడం. పడవ మీ మీదికే ఒరిగి మళ్లీ పడేస్తుంది. తేలాక ఒక్క ఊపులో పొట్టని పడవ మీదికి జార్చండి. తర్వాత తిరిగి కూర్చోండి. కాళ్లు చివర. పొట్ట, పిరుదు, కాళ్లు. ఈ వరసని పాఠంలా వల్లె వేసుకోండి.

లోపల కూర్చునే పడవ తిరగబడితే మీరు తలకిందులుగా నీటిలో ఉంటారు. టెన్షన్ అందరికీ ఉంటుంది, అందుకే పక్కన నేర్పేవాళ్లు నడుం లోతు నీళ్లలో నిలబడి ఉండగానే ఇది మొదలుపెట్టాలి. ముందుకి వంగండి. నడుము చుట్టూ ఉండే నీళ్లు రాని గుడ్డకి ముందు ఒక పట్టీ ఉంటుంది, దాన్ని లాగండి. పడవ అంచుల్ని రెండు చేతులతో తోస్తే ప్యాంటు విప్పినట్టు బయటికి జారిపోతారు. ఆ పట్టీ లోపలికి దూరిపోకుండా బయటే ఉందో లేదో ఎక్కిన ప్రతిసారీ చూసుకోవాలి.

ఇక తోటివాళ్ల సాయంతో ఎక్కడం. సాయం చేసేవాళ్లు బోర్లా పడిన పడవ ముక్కుని తమ పడవ మీదికి అడ్డంగా లాగుతారు, లోపలి నీళ్లు కారిపోతాయి. తర్వాత దాన్ని తిప్పి, తమ పడవ పక్కన ఎదురుబొదురుగా పెట్టి, ఒరిగి గట్టిగా హత్తుకుంటారు. రెండు పడవలూ కలిస్తే తెప్పలా నిలబడతాయి. పడినవాళ్లు ఇందాకటి పద్ధతిలోనే పొట్టమీద పాకి ఎక్కుతారు. మూడు నిమిషాల్లోపు ఇద్దరూ మార్చి మార్చి చేయగలిగేదాకా బీచ్‌కి వెళ్లే ప్లాన్ వేయొద్దు. దీంతో పాటు బట్టలతో 100 మీటర్ల ఈత, ఆగకుండా 5 కిలోమీటర్ల తెడ్డు. ఈ మూడూ వచ్చాయంటే మీరు సముద్రానికి సిద్ధపడుతున్నట్టే.

ఏ రోజు వెళ్లాలి?

మన తీరానికి జనవరి నుంచి మార్చి మధ్య వరకు మంచి కాలం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయం. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి ఆ ఊళ్లలో పెద్దవాళ్లనడిగితే చాలు, ఆ నెలల్లో ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణపు గాలి జోరు, ఎండ దెబ్బ రెండూ ఉంటాయి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ అలల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలు ఇస్తుంది. మత్స్యకారులు చూసేది అదే. అక్కడ అల ఎత్తు ఒక మీటరు అని ఉంటే అన్ని అలలూ మీటరే ఉంటాయని కాదు. అది మొత్తం అలల్లో ఎత్తైన మూడో వంతు అలల సగటు. అప్పుడప్పుడూ దానికి దాదాపు రెట్టింపు అల వస్తుంది. మొదటి ఏడాది అల అర మీటరు గానీ, గాలి గంటకి 15 కిలోమీటర్లు గానీ దాటితే దిగకండి. రేవుల్లో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినా ఇంట్లోనే ఉండండి.

గాలి ఎంత అన్నదానికన్నా ఎటు నుంచి అన్నది ముఖ్యం. నా మొదటి శీతాకాలంలో ఒక పొద్దున సూర్యలంకలో సముద్రం అద్దంలా ఉంది. ఎంతో సంతోషంగా దిగి, పావుగంటలో చాలా దూరం పోయాం. వెనక్కి తిరిగాకే తెలిసింది, అంతసేపూ మమ్మల్ని తోసింది పడమర గాలి. నేల మీద నుంచి వీచే గాలికి ఒడ్డు పక్కన అల లేవదు, అందుకే అంత నున్నగా కనబడుతుంది. లోపలికి పోయేకొద్దీ గాలి పెరుగుతుంది, మనల్ని ఇంకా దూరం తోస్తుంది. పావుగంట దారి వెనక్కి రావడానికి గంటకి పైగా పట్టింది. అప్పటి నుంచి దిగే ముందు గుప్పెడు పొడి ఇసుక ఎత్తి వదులుతాను. అది సముద్రం వైపు ఎగిరితే ఒడ్డుని అంటిపెట్టుకునే తిరుగుతాం, జోరుగా ఎగిరితే దిగనే దిగం.

ఆటుపోట్లు కూడా చూసుకోండి. మన తీరంలో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటి ఊపు ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. గోడ మీది తెలుగు క్యాలెండర్ ఇందుకు బాగా పనికొస్తుంది.

మంగినపూడి, తర్వాత సూర్యలంక

మొదటిసారి మంగినపూడి వెళ్లండి. అక్కడ నేల నల్లరేగడి, చాలా దూరం లోతు తక్కువ, అల మెత్తగా వస్తుంది. కనీసం ముగ్గురు ఉండాలి. ఒకరు పడితే ఒకరు ఎక్కిస్తారు, మూడోవాళ్లు పారిపోయే పడవనీ తెడ్డునీ పట్టుకుంటారు. ఒడ్డుకి సమాంతరంగా రెండు కిలోమీటర్లు వెళ్లి రండి, అంతే. గాలికి ఎదురుగా ముందు వెళ్లండి, అలసిపోయాక అదే గాలి వెనక్కి తెస్తుంది.

దిగే ముందు ఒడ్డున ఒకరికి చెప్పండి. ఎంతమందిమి, ఎటు వెళ్తున్నాం, ఎన్ని గంటలకి వస్తాం. "తొమ్మిదిన్నరకి ఫోన్ రాకపోతే 1554కి చెయ్" అని వేళతో సహా చెప్పాలి. అది కోస్ట్ గార్డ్ నంబరు. మెరైన్ పోలీసులది 1093. వలలు సర్దుకుంటున్న మత్స్యకారుల్ని "అన్నా, ఈరోజు నీళ్లు ఎట్టా ఉన్నాయి?" అని తప్పకుండా అడగండి. వాళ్లు వద్దంటే ఏ యాప్ ఏం చెప్పినా దిగకండి. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. క్షిపణి ప్రయోగాలుండే రోజుల్లో సముద్రంలోకి వెళ్లనివ్వరు, ఆ సంగతి కూడా వాళ్లకే ముందు తెలుస్తుంది.

సూర్యలంకలో అల విరిగే చోటు దాటడమే పరీక్ష. పది నిమిషాలు ఒడ్డున కూర్చుని లెక్కపెట్టండి. పెద్ద అలలు గుంపుగా వచ్చి, తర్వాత కాసేపు సద్దుమణుగుతుంది. ఆ ఖాళీలో ముక్కు అలకి సూటిగా పెట్టి, ముందుకి వంగి, ఆపకుండా తెడ్డు వేయండి. నురగ మీదికి వస్తుంటే భయపడి ఆపేవాళ్లే పడతారు.

తిరిగి రావడం ఇంకా కష్టం. విరిగే చోటుకి బయటే ఆగి, పెద్ద గుంపు పోనిచ్చి, చివరి అల వీపు వెంట రండి, దాని ముందు కాదు. పడవ అడ్డం తిరిగిపోతే అల వచ్చే వైపుకే ఒరిగి, తెడ్డు వీపుని ఆ నురగ మీదే ఆనించండి. ఒడ్డువైపు ఒరిగితే వెంటనే బోల్తా. పడ్డాక ఎప్పుడూ పడవకి సముద్రం వైపే ఉండాలి. నీళ్లు నిండిన పడవ రెండు వందల కిలోలు దాటుతుంది, అల దాన్ని మోకాళ్ల మీదికి విసిరితే ఎముక నిలవదు.

ఇలా ఒక కాలం గడిచాక హంసలదీవి వైపు, కృష్ణ సముద్రంలో కలిసే మొగ మీదికి మనసు పోతుంది. మడ అడవుల మధ్య పాయల్లో నిశ్శబ్దంగా తెడ్డు వేయడం కన్నా నాకు ఇష్టమైంది లేదు. అది అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. మొగ దగ్గర ఆటు నీరు సముద్రం వైపు లాగుతుంటే ఎదురు అలలు నిట్టనిలువుగా లేస్తాయి, ఆ వేళ అటు వెళ్లొద్దు. పోటుతో పాయలోకి, ఆటు మొదలవగానే మొగకి చాలా ముందే ఒడ్డుకి. జనవరి నుంచి మార్చి మధ్య ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పడవని ఇసుక మీద ఈడ్చకుండా ఇద్దరు మోసుకెళ్లండి.

ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా పడవ, తెడ్డు, జాకెట్ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. జాకెట్ బకిల్స్‌లో ఇసుక రేణువు మిగిలితే వచ్చే ఆదివారం అది బిగుసుకోదు.