డీఎల్‌సిమ్ నల్ ఇస్తోందా? ముందు ఇది చూడండి

సాయంత్రాలు తిరుపతి బైరాగిపట్టెడలో మా గదికి ప్రాజెక్టులు పట్టుకొచ్చే ఇంజినీరింగ్ పిల్లలది ఒకటే మాట: "అన్నా, ఫంక్షన్ దొరకడం లేదు." ప్రోగ్రాం నడుస్తుండగా లైబ్రరీని తెరిచేది డీఎల్‌ఓపెన్, అందులోంచి ఫంక్షన్‌ని పేరుతో వెతికేది డీఎల్‌సిమ్. దొరక్కపోతే అవి నల్, అంటే ఖాళీ పాయింటర్ ఇస్తాయి; ఎందుకో చెప్పేది డీఎల్‌ఎర్రర్. అది ఏమంటోందని అడిగితే మాట్లాడరు. సగం తంటా ఆ ఒక్క లైనుతో తీరుతుంది, దయచేసి ప్రింట్ చేయండి. అయితే డీఎల్‌ఎర్రర్‌ని ఒకసారి పిలిస్తే ఎర్రర్ చెరిగిపోతుంది. ఇఫ్‌లో ఒకసారి, ప్రింట్‌ఎఫ్‌లో ఇంకోసారి పిలిస్తే రెండోసారి వచ్చేది నల్. ముందే ఒక పాయింటర్‌లో దాచుకోండి.

సమస్య: ఫైలు ఎదురుగానే ఉంది, డీఎల్‌ఓపెన్ మాత్రం నల్ ఇస్తోంది.
పేరులో స్లాష్ లేకపోతే మీరున్న ఫోల్డర్‌లో వెతకదు. పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టండి.

సమస్య: లైబ్రరీ తెరుచుకుంది, డీఎల్‌సిమ్ "అన్‌డిఫైన్డ్ సింబల్" అంటోంది.
నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది ఇదే. ఫంక్షన్ పేరు యాడ్. స్పెల్లింగ్ పదిసార్లు చూశాను. ఫైలు డాట్ సీ, రాసింది సీ కోడే. చివరికి లైబ్రరీ మీద, అందులోని పేర్లు చూపే ఎన్‌ఎం కమాండ్‌ని మైనస్ పెద్ద డీతో కొట్టాను. యాడ్ లేదు! అండర్‌స్కోర్, జెడ్, 3, యాడ్, ఐ, ఐ - ఇవన్నీ కలిసిపోయిన పేరు ఉంది. 3 అంటే పేరులోని ఇంగ్లిష్ అక్షరాల లెక్క, రెండు ఐలు రెండు ఇంట్ ఆర్గ్యుమెంట్లు. అది సీ ప్లస్ ప్లస్ పెట్టే పేరు. కంపైల్ ఆదేశాలుండే మేక్‌ఫైల్‌లో అలవాటుకొద్దీ జీ ప్లస్ ప్లస్ (సీ ప్లస్ ప్లస్ కంపైలర్) రాసేశాను. డాట్ సీ ఫైలు ఇచ్చినా అది సీ ప్లస్ ప్లస్‌గానే కంపైల్ చేస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, అందుకే ఎవరికీ అనుమానం తగలదు.

సీ కంపైలర్ జీసీసీతో మళ్లీ కంపైల్ చేయండి. సీ ప్లస్ ప్లస్ తప్పదంటే ఆ ఫంక్షన్‌కి ఎక్స్‌టర్న్ "సీ" పెట్టండి, పేరు మారదు. తర్వాత ఎన్‌ఎం మళ్లీ కొట్టండి: ఉత్త యాడ్, దాని పక్కన పెద్ద టీ కనిపించాలి. యూ ఉంటే ఆ ఫంక్షన్‌ని లైబ్రరీ వాడుకుంటోందే గాని, అది అందులో లేదు. అసలు పేరే కనబడకపోతే ఫంక్షన్ పేరుకు ముందు స్టాటిక్ అని రాశారేమో చూడండి.

ప్రోగ్రాం, లైబ్రరీల్లో ఒకటి 32 బిట్, ఇంకోటి 64 బిట్ కావడం అరుదు, డీఎల్‌ఎర్రరే "రాంగ్ ఈఎల్‌ఎఫ్ క్లాస్" అని చెప్పేస్తుంది. లింక్ చేసేటప్పుడు డీఎల్ ఫంక్షన్ల కోసం మైనస్ ఎల్‌డీఎల్ చేర్చే గొడవ జీలిబ్‌సీ (లినక్స్‌లోని సీ లైబ్రరీ) 2.34 నుంచి లేదు, పాత సిస్టమైతే చేర్చండి.