మెషిన్ ఫారిన్ పంపుతున్నారా? పిన్ను కంటే ముందు ఎర్త్ చూడండి

జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో తయారైన సింగిల్ ఫేజ్ మెషిన్‌ని ప్యాక్ చేసి, పెట్టెలో ఓ కన్వర్టర్ పిన్ను పడేసి పంపేవాళ్లున్నారు. ఆ చవక పిన్నుల్లో చాలావాటికి ఎర్తే ఉండదు. ఇనుప బాడీ మెషిన్‌కి అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు కొనేవాళ్లని వోల్టేజీ, హెర్ట్జ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ) అడిగి, గోడ సాకెట్ ఫొటో తెప్పించుకోండి. అమెరికాలో మామూలు సాకెట్ 120 వోల్టులు. 240 వోల్టులది (అమెరికా ప్లగ్గుల స్టాండర్డ్‌లో నెమా 6-15, 6-20) వేరే ఉంటుంది, దాంట్లో న్యూట్రల్ ఉండదు. రెండు వైర్లూ ఫేజులే. మన స్విచ్చి ఒక్క వైరునే కట్ చేసేదైతే, ఆఫ్ చేసినా మోటారు దాకా 120 వోల్టులు నిలిచే ఉంటాయి. రెండు వైర్లనీ ఒకేసారి కట్ చేసే డబుల్ పోల్ స్విచ్చి వేయండి. జర్మనీకీ అదే వేయాలి, అక్కడి షూకో ప్లగ్గు ఎటు తిప్పినా దూరుతుంది కాబట్టి ఫేజు ఏ వైపు వస్తుందో చెప్పలేం.

ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ మారుతుంది గానీ హెర్ట్జ్ మారదు. మన 50 హెర్ట్జ్ మీద 1440 ఆర్‌పీఎం తిరిగే మోటారు అమెరికా 60 హెర్ట్జ్ మీద 1730 దాకా తిరుగుతుంది. బ్లోవర్ అయితే లోడు 1.7 రెట్లవుతుంది, వైండింగ్ కాలుతుంది. బెల్టు మెషిన్ అయితే మోటారుకి 6 అంగుళాల పుల్లీ తీసి 5 అంగుళాలది వేస్తే పాత స్పీడే వస్తుంది. నేమ్‌ప్లేట్ మీద 50/60 అని ఉన్న మోటారే వాడండి. గల్ఫ్ అంతా 50 అనుకోకండి, సౌదీ 60.

మెషిన్‌కి కంప్యూటర్ వెనక ఉండే రకం సీ14 ఇన్‌లెట్ బిగించి, కార్డు మాత్రం దేశాన్ని బట్టి పంపడం సులువు. 10 ఆంపియర్లు దాటితే దానికంటే పెద్దదైన సీ20. బ్రిటన్, దుబాయ్, సింగపూర్‌లకు బీఎస్ 1363 (లోపల ఫ్యూజు ఉండే మూడు పలక పిన్నుల) ప్లగ్గు. దాంట్లో ఫ్యూజు 700 వాట్ల లోపు 3 ఆంపియర్లది, పైన 13. జర్మనీ, ఫ్రాన్స్ రెండింటి సాకెట్లకీ సరిపోయే సీఈఈ 7/7 ప్లగ్గు చాలు. డెన్మార్క్ సొంత సాకెట్లోనూ అది దూరుతుంది, మెషినూ తిరుగుతుంది, ఎర్త్ మాత్రం తగలదు.

రంగులతో జాగ్రత్త. మన పాత వైరింగ్‌లో నలుపు న్యూట్రల్, అమెరికాలో నలుపే ఫేజు.

ఎర్త్ బోల్టు చుట్టూ పెయింటు లోహం కనబడేదాకా గీకి, రింగు లగ్, పళ్ల వాషర్ వేసి బిగించండి. ఇంకో పార్టుని పట్టే బోల్టుకి కట్టొద్దు, రిపేరువాడు విప్పి మళ్లీ పెట్టడు. ఎర్త్ వైరు మిగతా రెండింటికంటే కాస్త పొడవుంచితే, కార్డు లాగినా చివర ఊడేది అదే. తర్వాత ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి బాడీకి మల్టీమీటర్ పెట్టండి. సగం ఓము దాటితే ఎక్కడో లూజుంది.

ఇక్కడ బాగా నడిచింది అక్కడ ట్రిప్ అవుతోందని ఫోనొస్తే, అమెరికా జీఎఫ్‌సీఐ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై ఆపేసేది) 5 మిల్లీఆంపియర్లకే కొట్టేస్తుందని గుర్తుంచుకోండి. యూరప్‌లో 30. డ్రైవ్‌లోని (మోటారు స్పీడు మార్చే పెట్టెలోని) ఫిల్టర్ ఎర్త్‌లోకి వదిలే లీకేజీ ఒక్కోసారి ఆ 5 దాటేస్తుంది. తక్కువ లీకేజీ ఫిల్టర్ పంపండి, అంతేగానీ ఎర్త్ పిన్ను కోసేయమని మాత్రం చెప్పకండి.