రోడ్డు ప్రమాదంలో గాయపడితే నష్టపరిహారం ఎలా పొందాలి?

కేసు వినే జడ్జి ప్రమాదాన్ని చూసి ఉండరు. ఆయన ముందుకు వచ్చేవి కాగితాలే. వాటిలో ముఖ్యమైనవన్నీ మొదటి పది రోజుల్లోనే తయారవుతాయి. అప్పటికి గాయపడిన మనిషి మంచం మీద ఉంటాడు, ఇంటివాళ్లు ఆస్పత్రి వరండాలో ఉంటారు. అందుకే కాగితాల పని మొదటి రోజే బంధువుల్లో ఒకరు భుజాన వేసుకోవాలి. కింద చెప్పినదంతా మన దేశపు మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం, 2019 సవరణలతో కలిపి.

1. ఆస్పత్రిలో

చేర్చేటప్పుడే రోడ్డు ప్రమాదమని చెప్పి ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాయించండి. పోలీసుల గొడవ ఎందుకులే అని ‘బండి మీద నుంచి జారిపడ్డాడు’ అని చెబితే, తర్వాత బీమా కంపెనీ లాయరు మొదట పట్టుకునేది ఆ ఒక్క వాక్యాన్నే. ఏ వాహనం ఢీకొట్టిందో కేస్ షీటులో పడాలి.

2025 మేలో నోటిఫై అయిన కేంద్ర పథకం కింద, గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు ఒక్కొక్కరికి రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స దొరుకుతుంది. చేర్చేటప్పుడే అడగండి. మందుల బిల్లు, అంబులెన్సు రసీదు, ఎక్స్‌రే ఫిల్ము, డిశ్చార్జి సమ్మరీ, ఫిజియోథెరపీ చీటీ, ఏదీ పారేయొద్దు.

2. పోలీస్ స్టేషన్లో

వెంటనే ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ రాయించాలి. చికిత్స హడావుడిలో ఆలస్యమైతే ఆ కారణాన్ని ఫిర్యాదులోనే రాయండి. వాహనం నంబరు తెలిస్తే ఎంపరివాహన్ యాప్‌లో బీమా ఉందో లేదో చూసుకోవచ్చు. 2022 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను ట్రిబ్యునల్‌కు, అంటే ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టుకు, పంపాలి. వెళ్లాయో లేదో అడిగి తెలుసుకోండి.

3. కారణానికి రుజువు

కేసు బలమంతా ఇక్కడే ఉంది. తీవ్రమైన గాయాలకు కారణాలు పదే పదే అవే: అతివేగం, రాంగ్ రూట్, మద్యం, డ్రైవరు నిద్ర, అడ్డదిడ్డపు ఓవర్‌టేక్, రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు మీదే ఆపేసిన లారీలు. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళితే వేగం పెరిగేది మూడో వంతే, కానీ ఢీకొనే శక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది. బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరమూ అంతే పెరుగుతుంది.

కారణాన్ని బట్టి రుజువు మారుతుంది. అతివేగానికి టైరు గీతలు, గాజు పెంకులు పడిన చోటు, వాహనాలు చివరికి ఆగిన చోటు చూపాలి. వాటిని కరెంటు స్తంభంలాంటి కదలని గుర్తుతో కలిపి ఫొటో తీయండి, లేకపోతే అది ఏ చోటో తర్వాత చెప్పలేం. ఆపి ఉన్న లారీ అయితే వెనక లైట్లు, రిఫ్లెక్టర్ పట్టీలు, ఇండికేటర్ కనపడేలా తీయాలి. గంట గడిచేసరికి లారీని పక్కకు జరిపేస్తారు. మద్యానికి అదే రోజు పరీక్ష జరగాలి. సీసీటీవీ రికార్డు కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది కాబట్టి దాన్ని తెప్పించమని పోలీసులకు రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. రఫ్ స్కెచ్ (ప్రమాద స్థలానికి పోలీసులు గీసే పటం), ఎంవీఐ రిపోర్టు (వాహనాన్ని పరిశీలించిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు నివేదిక), ఛార్జిషీటు నకళ్లు తప్పకుండా కావాలి. ఎంవీఐ రిపోర్టులో ‘యాంత్రిక లోపం లేదు’ అని ఉంటే, బ్రేకులు ఫెయిలయ్యాయన్న డ్రైవరు వాదన నిలవడం కష్టం.

ట్రిబ్యునల్‌కు క్రిమినల్ కోర్టు స్థాయి రుజువు అక్కర్లేదు. డ్రైవరు మీద కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారం పోదు. మీ తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు కోత పడుతుంది. రెండు వాహనాల తప్పూ ఉండి, మీరు ప్రయాణికులే అయితే, ఏ ఒక్క వాహనం వాళ్ల నుంచైనా మొత్తం కోరవచ్చని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది.

4. ఏ దారి?

సెక్షన్ 166 కింద ఎదుటివారి నిర్లక్ష్యం చూపాలి, కానీ మొత్తానికి పైపరిమితి లేదు. సెక్షన్ 164 కింద తప్పెవరిదో చూపక్కర్లేదు, కానీ తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు, మరణానికి రూ.5 లక్షలు మాత్రమే. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బీమా కంపెనీ 164 కింద ఇస్తానన్న డబ్బు సెక్షన్ 149 పద్ధతిలో, అంటే కంపెనీతో రాజీగా, తీసుకుంటే, సెక్షన్ 166 పిటిషన్ అక్కడితో రద్దవుతుంది. జీవితాంతం వెంటాడే గాయమైతే లెక్క వేసుకోకుండా సంతకం పెట్టొద్దు.

గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోతే సెక్షన్ 161 ఉంది: తీవ్ర గాయానికి రూ.50,000, మరణానికి రూ.2 లక్షలు. దరఖాస్తు ఆర్డీవోకో తహసీల్దారుకో ఇవ్వాలి.

5. ఎంత కోరాలి?

32 ఏళ్ల ఆటో డ్రైవరు నెలకు రూ.15,000 సంపాదిస్తున్నాడనుకుందాం. సొంత పని, 40 ఏళ్ల లోపు వయసు కాబట్టి ముందుముందు పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలిపితే రూ.21,000. ఏడాదికి రూ.2,52,000. ఏడాది ఆదాయాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు; 31–35 ఏళ్ల వయసుకు అది 16, కాబట్టి రూ.40,32,000. సంపాదన శక్తిలో నష్టం 30 శాతమైతే రూ.12,09,600, అదే 60 శాతమైతే రూ.24,19,200.

తేడా ఎక్కడుందో గమనించండి. డాక్టరు సర్టిఫికెట్లోని వైకల్య శాతం, సంపాదనలో నష్టపోయే శాతం ఒకటి కావు. ఎడమ చెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు, డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోతుందని సుప్రీంకోర్టు 2010లో వివరించింది. కాబట్టి మీ పనికి ఆ అవయవం ఎందుకు కావాలో డాక్టరు చేత సాక్ష్యంలో చెప్పించాలి. ఆదాయానికి జీతం స్లిప్పు, బ్యాంకు పాసుబుక్కు, పర్మిట్ చూపండి. దీనికి తోడు వైద్య ఖర్చు, ఇకపై చేయించాల్సిన ఆపరేషన్లు, సాయంగా ఉన్న మనిషి ఖర్చు, నొప్పి, బాధ విడివిడిగా అడగాలి.

6. పిటిషన్, రాజీ, అప్పీలు

పిటిషన్ వేయడానికి సవరించిన చట్టం ఇచ్చే గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు ఉండే చోట గానీ, ఎదుటివారు ఉండే చోట గానీ వేయవచ్చు. యజమానిని, డ్రైవరును, బీమా కంపెనీని ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

లోక్ అదాలత్‌లో రాజీ అయితే దానిపై అప్పీలు ఉండదు, కాబట్టి మీ లెక్క చేతిలో పెట్టుకుని వెళ్లండి. ట్రిబ్యునల్ తీర్పు తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు. అవతలివాళ్లు అప్పీలుకు వెళ్లాలంటే రూ.25,000 లేదా తీర్పు మొత్తంలో సగం, రెండింటిలో ఏది తక్కువైతే అది ముందుగా హైకోర్టులో జమ చేయాలి.